కిడ్నీ మార్చిన మనిషిని ఇంట్లో చూసుకోవడం గురించి పిన్ని చెప్పే సంగతులు

అమ్మలూ, మీ ఆయన ఆపరేషన్ బాగా అయిందని విన్నాక మనసు కుదుటపడింది. కానీ ఇన్నేళ్లు ట్రాన్స్‌ప్లాంట్ వార్డులో నర్సుగా చేసినదాన్ని కదా, ఉన్నమాట చెప్తున్నా, మొదటి ఆర్నెల్లూ నువ్వు ఒళ్లంతా కళ్లు చేసుకుని ఉండాలి.

టాక్రోలిమస్, స్టెరాయిడ్ అనే మందులు రెండూ కలిసి కొత్త కిడ్నీ జోలికి పోకుండా ఇమ్యూనిటీని అణిచిపెడతాయి, ఇక అదే అదను అని మామూలోళ్లని ఏమీ చెయ్యలేని ఫంగస్‌లు, ఒంట్లో ఎప్పట్నుంచో చడీచప్పుడు లేకుండా పడున్న సీఎంవీ (సైటోమెగలోవైరస్) లాంటి వైరస్‌లు లేచి కూర్చుంటాయి. పైగా స్టెరాయిడ్ మీదుంటే జ్వరం కూడా సరిగ్గా బయటపడదు, అందుకే థర్మామీటర్ 100.4 ఫారెన్‌హీట్ చూపించిందంటే తెల్లారాక చూద్దాంలే అనుకోకు, అర్ధరాత్రైనా సరే డాక్టర్‌కి ఫోన్ చెయ్. ముందే పారాసెటమాల్ వేసేస్తే ఉన్న ఆ కాస్త గుర్తూ పోతుంది.

రోజూ టార్చ్ వేసి నోరు చూడు. నాలుక మీద, బుగ్గల లోపల తెల్లటి పొర, గీకితే ఊడొచ్చి కింద ఎర్రగా ఉందంటే కాండిడా అనే ఫంగస్ అయ్యుండొచ్చు, మింగుతుంటే నొప్పి అన్నాడంటే గొంతు దాటి కిందికి దిగిందేమో అని అనుమానించాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, నోటిపూతే కదా అని మందుల షాపులో ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మందు కొని మింగేస్తారు. అది రక్తంలో టాక్రోలిమస్‌ని పెంచేస్తుంది, చివరికి దెబ్బ కిడ్నీకే. వాడకూడదని కాదు, డాక్టర్ డోసు సర్దాకే వాడాలి.

ఛాతీకో నడుముకో ఒక పక్కనే మంట మొదలైతే చొక్కా ఎత్తి చూడు, నీటిపొక్కులు కనిపిస్తే సర్పి కావచ్చు, 72 గంటల్లోపు మందు పడితే బాగా పనిచేస్తుంది, ఈయన విషయంలో మాత్రం ఆ గంటలు కూడా లెక్కపెట్టకుండా వెంటనే పరిగెత్తు.

ఇంట్లో గోడలు పగలగొట్టే పనేదన్నా ఉంటే వాయిదా వెయ్, ఆ దుమ్ములో యాస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ ఉంటుంది. పావురాల రెట్టలు ఆయన చేత కడిగించకు, వాటిలో క్రిప్టోకాకస్ అనే ఫంగస్ ఉండొచ్చు. రోజుల తరబడి తలనొప్పి అంటే ఆ ఫంగస్ మెదడు పొరల్లోకి పోయిందేమో చూడాలి.

కోట్రైమాక్సజోల్ మాత్ర దేనికో తెలీక, బానే ఉన్నాడుగా అని మానేస్తుంటారు. న్యూమోసిస్టిస్ అనే న్యుమోనియా రాకుండా ఆపేది అదే, డాక్టర్ ఆపమనేదాకా ఆపొద్దు. ఇక బీకే వైరస్ అని ఇంకోటుంది, అది కిడ్నీని లోపల్లోపలే తినేస్తున్నా పైకి ఏమీ తెలీదు, రక్తం, మూత్రం పరీక్షల్లోనే దొరుకుతుంది, కాబట్టి మనిషి ఎంత హుషారుగా తిరుగుతున్నా టెస్టు తేదీ దాటనివ్వకు.

మందుల చీటీ ఫోటో తీసి పంపు, ఏది దేనికో నేను ఫోన్లో చెప్తా.

మీ పిన్ని