స్పీకర్లు కొనేముందు ఫోను పట్టుకుని ఇల్లంతా తిరుగు

చి. సౌ. మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. ఇక్కడ మీ అత్తయ్య, నేను కులాసా. కింద, పైన కలిపి అయిదు గదుల్లోనూ నోటితో చెప్తే పాట వచ్చేలా స్పీకర్లు పెట్టించాలని ఉందని, ఏ కంపెనీవి కొనాలో చెప్పమని అడిగావు. కంపెనీ సంగతి తర్వాత చెప్తాను. ముందు వైఫై చూసుకో తల్లీ. ముప్పై ఏళ్లు టెలిఫోన్ లైన్లతో పనిచేసినవాణ్ణి. మాట సరిగ్గా వినిపించడం లేదని కంప్లయింట్ వస్తే చాలాసార్లు ఫోను బాగానే ఉండేది, మధ్యలో లైనే పాడై ఉండేది. ఈ స్పీకర్లకీ అంతే.

అమెజాన్ వాళ్ల స్పీకర్‌ని ‘అలెక్సా’ అని పిలిస్తే ఆ పిలుపు వరకే అది సొంతంగా గుర్తుపడుతుంది. ఆ తర్వాత నువ్వు చెప్పిన మాట ఇంటర్నెట్ మీదుగా కంపెనీ కంప్యూటర్ల దాకా వెళ్లి జవాబు తెస్తుంది. వైఫై బలంగా లేని గదిలో ఎంత ఖరీదైన స్పీకర్ పెట్టినా నసుగుతుంది.

మా ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఇచ్చిన కుర్రాడు వైరు కలిసొస్తుందని వీధి గుమ్మం పక్కన, ఇనప బీరువా వెనకాల రౌటర్, అదే వైఫై పంచే బాక్స్, బిగించి వెళ్లాడు. నేనూ పట్టించుకోలేదు. పూజగదిలో స్పీకర్ పెట్టాక పాట రెండు నిమిషాలు వచ్చేది, ఆగిపోయేది. స్పీకరే పాడైందనుకుని మార్పించాను కూడా. చివరికి ఒకరోజు ఫోను పట్టుకుని గది గదికీ తిరిగాను. పూజగదిలో వైఫై ఒక్క గీత చూపిస్తోంది. మధ్యలో బీరువా, తొమ్మిదంగుళాల గోడలు రెండు. రౌటర్‌ని అక్కణ్ణుంచి తీయించి మెట్ల మలుపులో, తలకంటే ఎత్తున పెట్టించాను. అదే పూజగదిలో మూడు గీతలు వచ్చాయి. ఆ రోజు నుంచి పాట ఆగలేదు.

నువ్వూ అలాగే తిరిగి చూడు. రౌటర్లో 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లు, అంటే సిగ్నల్ పంపే దారులు, ఉంటాయి. 5 వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటేసరికి నీరసపడుతుంది. పాటలకి 2.4 చాలు. మీ శ్లాబులో ఇనప చువ్వలున్నాయి కాబట్టి పై అంతస్తుకి సిగ్నల్ సరిగ్గా ఎక్కకపోవచ్చు. ఇంకా పెయింట్ పని అవలేదన్నావు కదా, ఇప్పుడే ఎలక్ట్రీషియన్‌తో చెప్పి కింద నుంచి పైకి ఒక క్యాట్ 6 కేబుల్, అంటే ఇంటర్నెట్ వైరు, లాగించు. కరెంటు వైర్లున్న పైపులోంచి మాత్రం వద్దు, దానికి వేరే పైపు ఉండాలి. పైన రెండో వైఫై బాక్స్‌ని ఆ కేబుల్‌కి తగిలిస్తే ఇక బెంగ లేదు. గోడలకి రంగులేశాక ఈ పని చేయించాలంటే మనసొప్పదు.

ఇంకొకటి. రౌటర్, ఫైబర్ వైరు వచ్చి కలిసే బాక్స్ విడివిడిగా ఉంటే రెండూ ఇన్వర్టర్ లైన్లో ఉండాలి. ఒకటి ఉండి ఒకటి లేకపోతే లాభం లేదు.

ఇప్పుడు కంపెనీ. అలెక్సా తీసుకున్నా, గూగుల్ తీసుకున్నా ఇంట్లో అన్నీ ఒకే రకం ఉండాలి. అన్ని గదుల్లో ఒకేసారి ఒకే పాట రావాలంటే యాప్‌లో స్పీకర్లని ఒక గ్రూపుగా కలపాలి. అలెక్సావి, గూగుల్‌వి అలా ఒక గ్రూపులో కలవవు. నేను ముందు రెండు ఒక రకం కొని, డిస్కౌంట్ ఉందని మూడోది ఇంకో రకం తెచ్చాను. హాల్లో, వంటింట్లో కలిసి పాడేవి, పడగ్గదిలోది మాత్రం విడిగానే ఉండిపోయింది. వైర్‌లెస్ అని రాసి ఉన్నంత మాత్రాన మామూలు బ్లూటూత్ స్పీకర్లు కూడా కొనకు. వాటి అందుబాటు పది మీటర్లు, మధ్యలో గోడలుంటే ఇంకా తక్కువ. అయిదూ ఒకేసారి కూడా కొనకు. ఒకటి తెచ్చి హాల్లో పదిహేను రోజులు వాడండి. మీ ఇంటికి ఏం కావాలో అప్పుడు తెలుస్తుంది.

వంటింట్లో స్పీకర్‌ని పొయ్యి గట్టు మీద పెట్టొద్దు. పోపు జిడ్డు స్పీకర్ మీది గుడ్డ అల్లికలోకి దిగిందంటే వదలదు. మిక్సీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్న వైపు కాకుండా ఎదుటి గోడకి, ఛాతీ ఎత్తులో అర వేయించు. గోడ మూలకి నెట్టినా పాట బుంయ్‌మని గుమిలినట్టు వినిపిస్తుంది. ఒక జానెడు ముందుకి జరపాలి.

పడగ్గదిలో పెట్టాలా వద్దా అన్నది మీ ఇద్దరూ మాట్లాడుకోండి. పెడితే మైకు ఆపే బటన్ అందరికీ చూపించు. అలెక్సాకైతే అది నొక్కితే ఎర్ర లైటు వెలుగుతుంది. విన్న మాటల రికార్డులు యాప్‌లో ఉంటాయి, అప్పుడప్పుడు చెరిపెయ్యి. నోటిమాటతో వస్తువులు కొనే సదుపాయం మొదటిరోజే ఆపెయ్యి, ఇంట్లో చిన్నపిల్లాడున్నాడు.

ఇక అసలు విషయానికొస్తాను. ఈ స్పీకర్లు ఎక్కువ వాడేది మీ అమ్మే. నువ్వు, అల్లుడు పొద్దున వెళ్తే రాత్రికి గానీ రారు. మోకాళ్ల నొప్పులతో అక్కయ్య ఆ ఇంట్లో రోజంతా ఉంటుంది. అందుకని గదుల పేర్లు అక్కయ్య నోటికి అలవాటైనవే పెట్టు. హాల్, కిచెన్, అమ్మ రూమ్, అలా. పొడుగాటి ఇంగ్లీషు ముక్కలు ఆవిడతో అనిపించకు. యాప్‌లో రొటీన్ అని ఒకటుంటుంది. ‘అలెక్సా, గుడ్ మార్నింగ్’ అనగానే పూజగది స్పీకర్‌లో రేడియో మోగేలా అందులో పెట్టుకోవచ్చు. ఆకాశవాణి ప్రసారాలు అలెక్సాలో వస్తాయి. చిన్నప్పట్నుంచీ అక్కయ్యకి పొద్దున్నే రేడియో లేనిదే కాఫీ సయించదు. పాత పాట కావాలంటే పాట పేరుతో పాటు సినిమా పేరు కూడా నిదానంగా చెప్పమను, వేరే పాట పెట్టకుండా ఉంటుంది. నువ్వే చెప్పి చూపించేసి వదిలెయ్యకుండా, ఆవిడ చేత పదిసార్లు అనిపించు. మొదటి రెండుసార్లు పలక్కపోతే ‘నాకు రాదులే’ అని మానేస్తుంది. అప్పుడు పక్కన నువ్వుండాలి.

ఒక్క జాగ్రత్త. 108, 112 లాంటి నంబర్లకి అది ఫోన్ చేస్తుందని నమ్ముకోవద్దు. అక్కయ్య చేతికందేలా మొబైల్ ఎప్పుడూ ఉండాల్సిందే.

మా ఇంట్లో మీ అత్తయ్యకి అన్నిటికంటే పనికొచ్చింది మాత్రం పాటలు కాదు. ‘అలెక్సా, అనౌన్స్’ అంటే ఏం చెప్పాలని అడుగుతుంది. అప్పుడు ‘అన్నం వడ్డించాను, రండి’ అంటే చాలు, ఆ మాట తెలుగులోనే, తన గొంతుతోనే అన్ని గదుల్లో వినిపిస్తుంది. అక్కయ్య ఇప్పుడు మీ పిల్లాణ్ణి పిలవడానికి మెట్ల కింద నిలబడి కేకలేస్తోందని, వినిపించకపోతే ఆ నొప్పితోనే పైకెక్కుతోందని నువ్వే చెప్పావు. రెండో స్పీకర్ కొన్నప్పుడు దాన్ని హాలుకో పడగ్గదికో కాకుండా పైన వాడు చదువుకునే గదిలో పెట్టు.

మెట్ల మలుపులో ప్లగ్ పాయింట్ ఉందో లేదో చూసి ఉంచు. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి వీడియో కాల్ చెయ్యి. ఎలక్ట్రీషియన్‌ని కూడా ఆ టైముకే రమ్మను. కేబుల్ ఎటు నుంచి లాగాలో నేనే అతనితో మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మావయ్య