సముద్రతీర చిత్రంలో ఎంత ఉంచాలి, ఎంత తీసేయాలి?

ప్రశ్న: సాయంత్రం వేళ తీసిన సముద్రతీర చిత్రం ఒకటి పంపుతున్నాను. దిగంతరేఖ నట్టనడుమ పడిందనీ, ఆకాశాన్ని కత్తిరించి దాన్ని పై మూడో వంతుకు చేర్చాలనీ మిత్రులు అంటున్నారు. అలా చేస్తే చిత్రం ఇరుకుగా తోస్తోంది. పొడవాటి 16:9 నిష్పత్తిలో క్రాప్ చేయవచ్చా?

జవాబు: ఇరుకుగా ఉందని మీ కన్ను చెప్పింది నిజమే. ఎడమవైపు ఉన్న నల్లరాతి కొన దిగంతరేఖను దాటి ఆకాశంలోకి పొడుచుకు వచ్చింది. మీ ఫైలు 6000×4000 పిక్సెళ్ళది కాబట్టి, కింది భాగాన్ని ముట్టకుండా రేఖను మూడో వంతుకు తేవాలంటే పైనుంచి 1000 పిక్సెళ్ళు తీసేయాలి. అప్పుడు రాతి కొన ఫ్రేము అంచుకు దాదాపు ఆనుకుంటుంది, చూసేవారి దృష్టి అక్కడే చిక్కుకుపోతుంది.

చిత్రాన్ని మూడు సమభాగాలుగా ఊహించుకుని, ముఖ్యమైన గీతను వాటి విభజన రేఖ మీద ఉంచాలనే మూడో వంతు సూత్రం కొత్తవారికి మంచి ఊతమే గాని, ప్రతి సముద్రానికీ అదే కొలత కాదు. జపాన్ ఛాయాచిత్రకారుడు హిరోషి సుగిమోటో 1980 నుంచి తీస్తూ వచ్చిన సముద్ర చిత్రాలలో దిగంతరేఖ సరిగ్గా మధ్యలోనే ఉంటుంది, ఎందుకంటే నీరూ ఆకాశమూ సరిసమానంగా ఎదురెదురు నిలవడమే ఆ చిత్రాల విషయం. మీ చిత్రంలో విషయం వేరు. వెనక్కు మళ్ళుతున్న అల ఇసుక మీద గీసిన తెల్లని నురగచారలు కింది అంచు మధ్యలో మొదలై, ఏటవాలుగా సాగి, రాతి మొదట్లో కలిసిపోతున్నాయి. నాకు ఈ చిత్రంలో అన్నిటికన్నా నచ్చినది ఆ చారల నడకే. వాటి మొదలు పోకుండా చూసుకోవడమే క్రాప్‌లో మీ మొదటి పని.

16:9 మీ చిత్రానికి నప్పదు. పూర్తి వెడల్పు ఉంచుకుంటే కుడి అంచున సగం తెగిన పడవ అలాగే మిగిలిపోతుంది. పడవను తీసేసి 16:9కు తెస్తే ఎత్తులో 1300 పిక్సెళ్ళు పోతాయి కనుక, పైన కోస్తే రాతి కొనా కింద కోస్తే చారల మొదలూ దెబ్బతింటాయి. దానికి బదులు కుడినుంచి 1200, పైనుంచి 400 పిక్సెళ్ళు తీసేయండి. 4800×3600 మిగులుతుంది, అంటే 4:3 నిష్పత్తి. అంగుళానికి 300 పిక్సెళ్ళ చొప్పున 16×12 అంగుళాల ముద్రణకు అది చాలు. దిగంతరేఖ అప్పటికీ మూడో వంతుకు చేరదు, మధ్యకు కాస్త పైన నిలుస్తుంది. దాన్ని అక్కడే ఉండనివ్వండి.

అయితే ఇదంతా దిగంతరేఖను సరిచేశాకే చేయాలి. మీ చిత్రం కుడివైపుకు ఒక డిగ్రీ దాకా వాలింది. వినడానికి చిన్నదే అయినా 6000 పిక్సెళ్ళ వెడల్పులో అది దాదాపు 105 పిక్సెళ్ళ తేడా. నీటి గీత కాబట్టి ఆ మాత్రం వాలు కూడా వెంటనే కంటికి తగులుతుంది. చిత్రాన్ని తిప్పినప్పుడు అంచులు కొంత పోతాయి గనుక పైన చెప్పిన కొలతల్లో దాన్నీ కలుపుకోండి. వాలును కొలవడానికి ఒడ్డు గీతను ఎప్పుడూ ఆధారం చేసుకోవద్దు. ఒడ్డు వంపు తిరిగి దూరమయ్యేకొద్దీ కెమెరా నిటారుగా ఉన్నా ఆ గీత ఏటవాలుగానే కనిపిస్తుంది. వైడ్ లెన్స్‌తో (ఎక్కువ దృశ్యాన్ని పట్టే లెన్స్‌తో) తీసి ఉంటే లెన్స్ వక్రతను, అంటే తిన్నని గీతలు వంగి కనిపించే లోపాన్ని, సవరించడం వీటన్నిటికన్నా ముందు జరగాలి.

ప్రశ్న: క్రాప్ అవసరం తగ్గాలంటే తీసేటప్పుడే ఏం చూసుకోవాలి?

జవాబు: అన్నిటికన్నా ముందు కెమెరా ఎత్తు. సముద్రపు దిగంతరేఖ ఎప్పుడూ కెమెరా ఎత్తులోనే కనిపిస్తుంది కనుక, కెమెరా కన్నా ఎత్తయిన రాయి ఆ రేఖను చీల్చుకుని పైకి వస్తుంది, పొట్టి రాయి పూర్తిగా నీటి నేపథ్యంలోనే ఉండిపోతుంది. రాతి కొన రేఖను అంటీ అంటనట్టు తాకుతుంటే ట్రైపాడ్‌ను కాస్త పెంచండి, లేదా దించండి. ఈ లోపాన్ని తరువాత ఏ క్రాపూ సరిచేయలేదు. నురగచారలు కావాలంటే అల వెనక్కు మళ్ళడం మొదలుపెట్టిన క్షణంలో అర సెకను నుంచి ఒక సెకను దాకా షటర్ తెరిచి ఉంచి చూడండి. 30 సెకన్లు ఉంచితే చారలన్నీ కలిసిపోయి పొగమంచులా మారతాయి. నలువైపులా కొద్దిగా చోటు వదిలి తీస్తే, తరువాత వాలు సరిచేసినా ముఖ్యమైనదేదీ తెగిపోదు.