లాండ్రీ రాబడిని నీటి బిల్లులో చూడు

చి.ల.సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

బ్రోకర్ ఇచ్చాడని నువ్వు పంపిన కాగితాలు శ్రద్ధగా చదివాను. న్యూజెర్సీలో ముప్ఫై వాషర్ల కాయిన్ లాండ్రీ (జనం చిల్లర వేసి బట్టలు ఉతుక్కునే దుకాణం), నెలకు 28,000 డాలర్ల రాబడి, ఏటా ఖర్చులు పోగా మిగిలేదానికి నాలుగు రెట్లు ధర. నువ్వూ అల్లుడు గారూ ఇన్నేళ్ళు ఉద్యోగాలు చేసి కూడబెట్టిన సొమ్ము, దానికి తోడు బ్యాంకు అప్పు ఇందులోకి వెళ్తాయి. ముందు తేల్చుకోవాల్సింది ఆ 28,000 నిజమా కాదా అన్నదే. రంగులు, కొత్త టీవీలు, బయటి బోర్డు సంగతి తర్వాత.

ఆ అంకె ఎవరు చెప్పారు? అమ్మే ఆయన చెప్పాడు, బ్రోకర్ టైపు చేశాడు. చిల్లరతో నడిచే వ్యాపారంలో అమ్మే ఆయన రాసుకున్న పుస్తకాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు. ఈ అమ్మకంతో ఏ సంబంధమూ లేనివాళ్ళు, తమ బాకీ వసూలు కోసం పంపిన కాగితం కావాలి. లాండ్రీ విషయంలో అది నీటి బిల్లు. నీళ్ళు లేకుండా ఏ వాషరూ తిరగదు.

కనీసం రెండేళ్ళ బిల్లులు అడుగు. ఆయన చేతి నుంచి ఫోటోకాపీలు తీసుకోవద్దు. ఆయన సంతకంతో అనుమతి పత్రం రాయించుకొని నీటి సంస్థ నుంచే తెప్పించు. బిల్లు రాగానే యూనిట్ చూడు. కొన్ని ఊళ్ళలో వెయ్యి గ్యాలన్ల లెక్క, కొన్ని ఊళ్ళలో వంద ఘనపు అడుగుల లెక్క. వంద ఘనపు అడుగులంటే 748 గ్యాలన్లు. ఇక్కడ పొరపాటు జరిగితే ఆ తర్వాత చేసే లెక్కంతా వృథా.

లెక్క ఎలా ఉంటుందో ఊహించిన అంకెలతో చేసి చూపిస్తాను. రెండు నెలల బిల్లులో 160 యూనిట్లు ఉన్నాయనుకో. 748తో గుణిస్తే 1,19,680 గ్యాలన్లు. బాత్రూము, నేల కడగడం వంటివి తీసేస్తే 1,12,000 మిగిలిందనుకుందాం. ఒక్కో ఉతుకుకు సగటున 20 గ్యాలన్లు పడితే రెండు నెలల్లో 5,600 ఉతుకులు, అంటే నెలకు 2,800. సగటు ధర 5 డాలర్లయితే వాషర్ల నుంచి వచ్చేది 14,000. డ్రయ్యర్ల మీద అందులో సగం వస్తుందని ఉదారంగా వేసుకున్నా మొత్తం 21,000. మరి 28,000 ఎక్కడిది?

ఆ 7,000 తేడా చిన్నది కాదమ్మా. అద్దె, నీళ్ళు, గ్యాసు ఖర్చులు ఎలాగూ నిజమైనవే కాబట్టి తగ్గిన ప్రతి డాలరూ లాభంలో నుంచే పోతుంది. ఏడాదికి 84,000. దానికి నాలుగు రెట్లంటే 3,36,000 డాలర్లు, లేని రాబడికి మీరు కట్టే ధర.

ఈ లెక్కలో ప్రాణమంతా ఆ సగటు గ్యాలన్లలోనే ఉంది. దాన్ని ఎవరినీ అడగొద్దు, నువ్వే లెక్క కట్టు. ప్రతి వాషర్ మీద ఉండే మోడల్ నంబరు ఫోటో తీసి, తయారీదారు ఇచ్చిన వివరాల్లో ఒక ఉతుకుకు ఎన్ని నీళ్ళు పడతాయో చూడు. పాత టాప్‌లోడ్ యంత్రాలు చాలా ఎక్కువ తాగుతాయి, కొత్త ఫ్రంట్‌లోడ్‌వి తక్కువ. 20 పౌండ్ల బట్టలు పట్టే చిన్నవీ 60 పౌండ్లు పట్టే పెద్దవీ కలిసి ఉంటే మామూలు సగటు పనికిరాదు. ఏవి ఎన్నిసార్లు తిరుగుతున్నాయో దాన్ని బట్టి తూకం వెయ్యాలి. కొన్ని యంత్రాలు లోపలే ఉతుకుల సంఖ్య దాచుకుంటాయి. ఆ సంఖ్య ఈ రోజు ఎంత ఉందో రాసుకో, నెల తర్వాత మళ్ళీ రాసుకో. కార్డుతో నడిచే యంత్రాలైతే ఆ రికార్డు నీ కళ్ళ ముందే తీయించు.

నీళ్ళనూ పెంచి చూపించవచ్చు. కుళాయి తెరిచి ఉంచవచ్చు, ఖాళీ వాషర్లు తిప్పవచ్చు, కారుతున్న వాల్వును బాగు చేయకుండా వదిలేయవచ్చు. పక్క సెలూన్‌కూ అదే మీటరు ఉండవచ్చు. అందుకే బిల్లు మీది మీటరు నంబరు, గోడ దగ్గరి మీటరు నంబరు ఒకటేనా చూడు. అమ్మకానికి పెట్టడానికి ముందు నెలల్ని, పెట్టిన తర్వాతి నెలల్ని పక్కపక్కన పెట్టు. వాటితో పాటు గ్యాసు బిల్లులూ తెప్పించు. ఖాళీ వాషర్ తిరిగితే డ్రయ్యర్లో వేయడానికి తడి బట్టలుండవు, గ్యాసు ఆ మేరకు పెరగదు. నీళ్ళు పెరిగి గ్యాసు పెరగకపోతే గట్టిగా ప్రశ్నించు. చలికాలంలో గ్యాసు సహజంగానే ఎక్కువవుతుంది కాబట్టి ఏ నెలనైనా కిందటేడాది అదే నెలతో పోల్చు.

చిల్లర వసూలు చేసే రోజు ఆయన పక్కనే ఉండు. మొదట అన్ని పెట్టెలూ నీ ఎదుట ఖాళీ చేయించు, అక్కడి నుంచి కొన్ని వారాల వసూళ్ళు లెక్కించు. క్వార్టర్, అంటే పావు డాలరు నాణెం, బరువు 5.67 గ్రాములు. ఆయన చెప్పిన రాబడి నిజమైతే వారానికి ఆరున్నర వేల డాలర్ల దాకా రావాలి. అదంతా చిల్లరైతే 26,000 క్వార్టర్లు, సుమారు 147 కిలోలు. ఆ బరువు ఏ బండి మీద కదులుతోంది, చిల్లర మార్చే యంత్రంలోకి ఎంత తిరిగి వెళ్తోంది, బ్యాంకుకు ఎన్ని నోట్లు వెళ్తున్నాయి అని అడుగు. నిజంగా నడిపే మనిషి తడుముకోకుండా చెబుతాడు.

ఒక ఆదివారం, ఒక మంగళవారం ఎన్ని ఉతుకులు జరుగుతున్నాయో లెక్కపెడుతూ దుకాణంలో రోజంతా కూర్చో. అల్లుడు గారినీ తీసుకెళ్ళు.

పన్నుల మాట వస్తే, "మేం కొంచెం తక్కువ చూపించాం, అసలు రాబడి ఇంకా ఎక్కువ" అంటారు. ఈ మాట చాలామంది నోట విన్నాను. ప్రభుత్వానికి అబద్ధం చెప్పానని ఒప్పుకుంటున్న మనిషి నీకు నిజం చెబుతున్నాడని నమ్మాల్సిన పని లేదు. చూపని ఆదాయానికి ఒక్క డాలరు కూడా ఇవ్వొద్దు, అప్పిచ్చే బ్యాంకు కూడా దాన్ని లెక్కలోకి తీసుకోదు. మూడేళ్ళ రిటర్నులు అడుగు. అప్పిచ్చే బ్యాంకు ద్వారా ఫారం 4506-సి మీద ఆయన సంతకం చేస్తే, ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) నుంచే ట్రాన్‌స్క్రిప్టులు, అంటే ఆయన దాఖలు చేసిన రిటర్నుల వివరాలు, బ్యాంకుకు వస్తాయి. సంతకం చేయనంటే అక్కడితో మాటలు ఆపెయ్.

ఇవన్నీ చూసే హక్కు ఒప్పందంలో రాసి ఉండాలి. రాబడి సరిపోకపోతే బయానా వెనక్కి ఇవ్వాలన్న షరతు లేకుండా ఒక్క డాలరూ కట్టొద్దు. లీజు ఎన్నేళ్ళు మిగిలి ఉందో, పొడిగించే హక్కు నీ పేరుకు మారుతుందో లేదో మీ లాయరు చదివి చెప్పాలి. బ్రోకర్ సిఫారసు చేసిన లాయరు వద్దు. యంత్రాల మీద పాత అప్పులున్నాయేమో కూడా మీ లాయరే చూస్తాడు.

బిల్లులు, మోడల్ నంబర్ల ఫోటోలు చేతికి రాగానే నాకు పంపు, లెక్క ఇద్దరం కలిసి వేద్దాం. శుక్రవారం లోగా సంతకం పెట్టాలని బ్రోకర్ తొందరపెడుతున్నాడని రాశావు. పెట్టొద్దు. వేరేవాళ్ళు కొనుక్కుంటామంటే కొనుక్కోనివ్వు.

ఇట్లు,
పెదనాన్న