రక్తం తీసే ముందు అడగవలసిన మాట

పర్లాకిమిడి

చి. మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

ఇంటింటి సర్వేలో రక్తం తీయడంతోపాటు "మీ ఆరోగ్యం ఎలా ఉందనుకుంటున్నారు?" అని కూడా అడగమన్నారని, ఒంట్లో వాపు ఉంటే రక్తంలో పెరిగే సీఆర్‌పీ అనే ప్రోటీన్ అంకె చేతికొచ్చాక మనిషి మాటతో పనేమిటని రాశావు. ముప్పై ఏళ్లు ల్యాబులో గడిపినవాణ్ణి గనుక అంకెనే వెనకేసుకొస్తానని అనుకుని ఉంటావు, కాని మనిషి మాటనూ వదలకూడదంటాను. 1997లో ఇడ్లర్, బెన్యామిని అనే పరిశోధకులు 27 అధ్యయనాలను సమీక్షించారు. తమ ఆరోగ్యం బాగోలేదన్నవారిలో తరువాతి కాలంలో మరణాలు ఎక్కువగా ఉన్నాయని, అప్పటికే ఉన్న జబ్బులను లెక్కలోకి తీసుకున్నా దాదాపు అన్నిటిలోనూ ఆ తేడా నిలిచిందని తేల్చారు.

ఇందుకు ఒక కారణం ఒంట్లో లోలోపల సాగే ఇన్‌ఫ్లమేషన్, అంటే జబ్బుకో గాయానికో ఒంటి రక్షణ వ్యవస్థ ఎదురుతిరగడం వల్ల కలిగే వాపు, కావచ్చు. రక్షణ కణాలు విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయనం ప్రేరణతో కాలేయం సీఆర్‌పీని తయారుచేస్తుంది. అలాంటి రసాయనాల సంకేతాలే మెదడుకు కూడా అంది నీరసం, అరుచి, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం కలుగుతాయి. మనవాళ్లు "నలతగా ఉంది" అనేది చాలాసార్లు ఈ స్థితినే. అయితే ఈ సంబంధం పదిమందిని కలిపి చూస్తే సగటున కనబడేదే తప్ప, ఒక మనిషి మాట విని ఆ మనిషి సీఆర్‌పీ ఇంత అని చెప్పగలిగేటంత గట్టిది కాదు.

ప్రశ్న ముందు, సూది తరువాత. నేనొకసారి రిపోర్టులు పంచిపెట్టిన తరువాత అడిగితే, అందరూ రిపోర్టు చదివినట్టే జవాబిచ్చారు. ఆ రోజు శ్రమంతా వృథా. "బాగున్నారా?" అని మాత్రం అడగకు, అది పలకరింపు గనుక జవాబు కూడా పలకరింపుగానే వస్తుంది. అరుగు మీద కూర్చున్న ఒక ముసలమ్మ నాతో "బాగానే ఉన్నాను నాయనా" అని, చేతికి రబ్బరుపట్టీ కడుతుండగా "నాలుగు గిన్నెలు తోమితే మళ్లీ పడుకోవాలనిపిస్తోంది" అంది. "ఫరవాలేదు" అన్నవారిని మరొక మాట అడుగు, ఎందుకంటే కొందరికి అది బాగుందని, కొందరికి ఓర్చుకుంటున్నామని. ఇంట్లో ఒడియా మాట్లాడేవారిని ఒడియాలోనే అడగాలి.

ఇక రక్తం సంగతి. మామూలు సీఆర్‌పీ పరీక్షకు తక్కువ స్థాయిలు సరిగా అందవు, వాటినీ పట్టగలిగే హెచ్‌ఎస్-సీఆర్‌పీ పరీక్ష చేయించు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు తక్కువ, 3 దాటితే ఎక్కువ. 10 దాటితే జ్వరమో పుండో చిగుళ్ల వాపో ఉందేమో కనుక్కుని, రెండు వారాలాగి మళ్లీ తీయాలి. చవక కదా అని ఈఎస్‌ఆర్‌తో (గొట్టంలో ఎర్రకణాలు ఎంత వేగంగా అడుక్కి దిగుతాయో చూసే పరీక్ష) సరిపెట్టకు: రక్తహీనత దాన్ని పెంచుతుంది, మన కొండ ప్రాంతాల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బు తగ్గించేస్తుంది. పొగ తాగడం, పొట్ట చుట్టూ కొవ్వు సీఆర్‌పీని పెంచుతాయి గనుక వాటినీ రాసుకో. ఆడవాళ్లను పొగ గురించి అడగడమెందుకని వదిలేస్తావేమో, మన వైపు పెద్దావిడల్లో అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం) అలవాటున్నవారు ఇంకా ఉన్నారు.

ఆ ముసలమ్మ రెండో మాట రాయడానికి నా ఫారంలో చోటు లేకపోయింది. నీ ఫారంలో ఆ ప్రశ్న కింద రెండు గీతలు ఖాళీగా వదులు.

మీ మావయ్య