నాలుగెకరాలు చేపట్టిన బిడ్డకు

చిరంజీవి బిడ్డకు, పెద్దనాన్న ఆశీస్సులు.

మీ నాన్న పొలాన్ని ఈ వానాకాలం నుంచి కౌలుకు ఇవ్వకుండా నువ్వే చేస్తానని రాసిన ఉత్తరం అందింది. రెండుసార్లు చదువుకున్నాను. రెండెకరాల వరి, ఎకరం పత్తి, ఎకరం చపాటా మిర్చి. ఆ మిర్చితో మీ సంఘం ఆడవాళ్లంతా కలిసి కారం పట్టి, పచ్చళ్లు పెట్టి అమ్మాలన్న ఆలోచన నాకు మరీ నచ్చింది. ఏ విత్తనం వేయమంటావని అడిగావు. ఆ ఒక్క మాట నేను చెప్పను. చాలా ఏళ్లు ఆ ప్రశ్నను మందుల దుకాణంలో అడిగి నష్టపోయినవాణ్ణి. ఎవరి దగ్గరకు, ఎప్పుడు, ఏం పట్టుకుని వెళ్లాలో చెబుతాను.

నీకు అప్పటికి ఊహ తెలియదు. ఒక ఏడు చెరువు నిండడం ఆలస్యమై, ఆగస్టు చివర్లో సాంబ మసూరి నాటాను. నెల తిరిగేసరికి దుబ్బుల్లో ఉల్లికాడల్లాంటి గొట్టాలు లేచాయి. దుకాణంలో ఇచ్చిన మందు రెండుసార్లు కొట్టాను. మూడోసారికి డబ్బులు లేక, ఒక దుబ్బును వేళ్లతో సహా పెకిలించి, తడి గోనెలో చుట్టి, బస్సెక్కి వరంగల్‌లో ములుగు రోడ్డు మీదున్న ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానానికి వెళ్లాను. అక్కడి శాస్త్రవేత్త ఒక పిలకను గోటితో చీల్చి, లోపలి పురుగును నా అరచేతిలో పెట్టారు. ఉల్లికోడు అన్నారు. గొట్టంగా మారిన పిలక ఇక వెన్ను వేయదు, ఎంత మందు కొట్టినా అది తిరిగి రాదు. చేసేది ఏమైనా నారుమడిలో, లేదంటే నాటిన రెండు మూడు వారాల్లోపే చేయాలి. అసలు ఆలస్యంగా నాటిన పొలం మీదే దాని దాడి ఎక్కువ. నారు ఎప్పుడు పోశారు, నాట్లు ఏ తేదీన వేశారు, యూరియా ఎన్నిసార్లు చల్లారు అని ఆయన అడిగితే ఒక్కదానికీ నా దగ్గర సరైన జవాబు లేదు. ఆ రోజు సాయంత్రమే నోటుపుస్తకం కొన్నాను. నువ్వు పొలానికి పెట్టే మొదటి ఖర్చు కూడా అదే కావాలి.

మన దగ్గరి పరిశోధనా స్థానాన్ని ఎందుకు ఇంతగా నమ్ముతానో ఆ ఉల్లికోడుతోనే అర్థం చేసుకోవచ్చు. ఈ పురుగుకు మన ప్రాంతం పుట్టిల్లు లాంటిది. ఎక్కడో పండించి చూసిన విత్తనం ఇక్కడ తట్టుకుంటుందో లేదో ఇక్కడి మడిలో వేసి చూస్తేనే తెలుస్తుంది. వరంగల్ సన్నాలు, సిద్ధి ఈ నేల మీద, ఈ పురుగు మధ్య నిలబడి వచ్చిన వరి రకాలు. జగిత్యాల దగ్గర పొలాసలోని పరిశోధనా స్థానం ఇచ్చిన జగిత్యాల సన్నాలు సాంబ మసూరి కంటే మూడు నాలుగు వారాలు ముందే కోతకొస్తుంది. చెరువు కింద, నీళ్లు చివరిదాకా ఉంటాయో లేదో తెలియని రైతుకు ఆ మూడు వారాలే ప్రాణం. అయితే పురుగు కూడా ఊరుకోదు. ఒక రకం కొన్నేళ్లు తట్టుకుంటే, దాన్ని కూడా తినగలిగే కొత్త రూపం పుట్టుకొస్తుంది. అందుకే వాళ్ల పని ఎప్పటికీ పూర్తి కాదు. పదేళ్ల కిందట నాకు చెప్పిన రకాన్నే నేను నీకు అప్పగించకపోవడానికి కారణం కూడా ఇదే.

విడుదలకు ముందు కొత్త రకాలను మినికిట్ల పేరుతో చిన్న సంచుల్లో కొందరు రైతులకు ఇస్తారు. నువ్వు అడుగు. ఒక్క మడిలో వేసి, పక్క మడిలో నీకు అలవాటైన రకం వేసి, రెండింటికీ ఒకే ఎరువు, ఒకే నీరు పెట్టు. కోత అయ్యాక తూకం వేసి, ఎంత వచ్చిందో వెళ్లి చెప్పు. బాగా రాకపోతే తప్పకుండా వెళ్లి చెప్పు. గింజ నిండలేదనో, చేను పడిపోయిందనో, మిల్లులో నూక ఎక్కువైందనో మనం చెప్పకపోతే వాళ్లకు తెలిసే దారి లేదు. చాలామంది రైతులు విత్తనం తీసుకుని మళ్లీ ముఖం చూపించరు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

సాధారణంగా మే నెలలో విత్తన మేళా పెడతారు. సంచి మీద చీటీ, తీసుకున్న రసీదు పంట ఇంటికొచ్చేదాకా దాచిపెట్టు. వరి రకం విత్తనాన్ని కల్తీ లేకుండా ఏరుకుంటే మూడు పంటల వరకు సొంతంగా వాడుకోవచ్చు. హైబ్రిడ్‌ను మాత్రం దాచుకోకూడదు.

మట్టి పరీక్షకు పొలం ఖాళీగా ఉన్న ఎండాకాలమే అదను. గట్ల పక్కన, చెట్ల కింద, పెంటకుప్ప వేసిన చోట మట్టి తీయకు. ఎనిమిది పది చోట్ల జానెడు లోతు తవ్వి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ చివరికి అరకిలో మిగుల్చు. ఎరువుల సంచిలో మాత్రం వేయకు. ఏటేటా డీఏపీ చల్లిన పొలాల్లో భాస్వరం పేరుకుపోయి ఉంటుంది, ఆ సంగతి కాగితం మీద కనబడితే నీకు ఒకటి రెండు బస్తాల ఖర్చు తగ్గుతుంది.

పత్తి గురించి ఒక్క మాట. కాయ లోపల తినే గులాబీ రంగు పురుగు కోసం లింగాకర్షక బుట్టలు, అంటే ఆడ పురుగు వాసనతో మగ పురుగులను లాగే బుట్టలు పెట్టు. బుట్టకు రోజుకు ఎనిమిది రెక్కల పురుగుల చొప్పున వరుసగా మూడు రోజులు పడితే అప్పుడు మందు సంగతి అడుగు. జనవరి దాకా చేనును సాగదీయకు.

ఇక నీ మిర్చి. 2021లో నల్ల తామర పురుగు వచ్చి పూతంతా రాల్చేసినప్పుడు మనవాళ్లు కనబడిన మందల్లా కొట్టారు. పురుగు తగ్గలేదు, దాన్ని తినే మంచి పురుగులు చచ్చిపోయాయి, అప్పు మిగిలింది. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. రెండింటికీ మందులు వేరు. నల్ల తామర పురుగు పువ్వులోనే దాక్కుంటుంది కాబట్టి నాలుగు పూలు తెల్లకాగితం మీద దులిపి చూడు. అనుమానం ఉంటే కొమ్మనూ పూలనూ పట్టుకుని వెళ్లు. నీలం రంగు జిగురు అట్టలు మొదటి నుంచీ కట్టు.

చపాటా మన నేల సొత్తు. టమాటాలా గుండ్రంగా, ఎర్రగా ఉండి కారం తక్కువ. రంగు కోసమే పచ్చళ్లవాళ్లు దాన్ని వెతుక్కుంటూ వస్తారు. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే ఆ పేరు ఈ ప్రాంతపు పంటకే చెందుతుందన్న గుర్తింపు వచ్చింది. తిమ్మంపేట రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ, మహబూబాబాద్ జిల్లా మల్యాలలోని ఉద్యాన పరిశోధనా స్థానం కలిసి నడిచాయి కాబట్టే అది సాధ్యమైంది. గింజలు తరతరాలుగా కాపాడింది రైతులు, కాయ లక్షణాలను కొలిచి కాగితం మీద పెట్టింది శాస్త్రవేత్తలు. మీరు ఆ పేరును పొట్లం మీద వేసుకోవాలంటే అధీకృత వినియోగదారులుగా, అంటే ఆ పేరు వాడుకునే అనుమతి ఉన్నవాళ్లుగా నమోదు కావాలి. విత్తనం మల్యాలలో విచారించు. సొంతంగా గింజ తీసేటప్పుడు పక్క చేనులో వేరే మిర్చి ఉంటే పరపరాగ సంపర్కంతో రకం చెడుతుంది, కాబట్టి చేను నడిమధ్యలోని మంచి చెట్లకు ముందే గుడ్డపేలిక కట్టి గుర్తు పెట్టుకో.

కాయలను నేల మీద ఆరబోయకండి, శుభ్రమైన పట్టాల మీదే ఆరబెట్టండి. తూకం పెరుగుతుందని కొందరు నీళ్లు చల్లుతారు. ఆ తేమకు బూజు పడితే అందులో పుట్టే విషం దంచినా పోదు, వేయించినా పోదు. మీరు పట్టిన కారాన్ని పిల్లలు తింటారు. ఈ ఒక్క విషయంలో నీ మీద కోప్పడే హక్కు నాకుందనుకుంటాను.

మీ నాన్న చివరి మూడేళ్లు రాసిన పొలం లెక్కల పుస్తకం నా దగ్గరే ఉంది. ఏ మడిలో నీరు నిలుస్తుందో, ఎక్కడ చౌడు ఉందో బొమ్మ గీసి పెట్టాడు. శనివారం పొద్దున మొదటి బస్సుకు రా, ఇద్దరం కలిసి ములుగు రోడ్డుకు వెళ్దాం. వరి పొలానిదొకటి, చెలకదొకటి, మట్టి సంచులు వేరువేరుగా కట్టి పేర్లు రాసి తీసుకురా.

నీ పెద్దనాన్న