మీ చిన్నాయన కథ గురించి

నాయనా,

కథ అందింది. మీ చిన్నాయన 1987లో శ్రీలంకలో చనిపోయాడని మొదటి పేజీలోనే రాశావు. మూడో పేజీకి వచ్చేసరికి ఆయన మంచుకొండ ఎక్కుతున్నాడు! శ్రీలంక ఉత్తరాన ఉన్న జాఫ్నాలో మంచెక్కడిది? యుద్ధం సినిమాలు చూసి చూసి మనకు జవానంటే కొండ, మంచు, జెండా అయిపోయాయి.

జాఫ్నా బల్లపరుపు నేల. ఏడాది పొడుగునా పారే ఏరు లేదు, బావుల కిందే సేద్యం. ఎర్రమట్టిలో ఉల్లి, మిరప, పొగాకు. ఎటు చూసినా తాటిచెట్లు, ఇళ్లకు తాటాకు దడులు, మధ్యన ఇరుకు సందులు. కోడుమూరు పక్క పల్లెలో ఉల్లినారు నాటిన పిల్లోడు తుపాకీ పట్టుకుని అలాంటి చేల గట్ల మీదే నడిచాడు. ఏ గట్టు కింద మందుపాతర ఉందో తెలియదు. ఇంతకన్నా నీ కథకేం కావాలి? ముందు ఆ కొండ దిగు.

ఆ యుద్ధాన్ని కూడా రెండు ముక్కల్లో తేల్చేశావు, శత్రువు వచ్చాడు, మనోడు ఎదురొడ్డాడు అని. అది అంత తేలిక వ్యవహారం కాదు. 1987 జులై 29న భారత్, శ్రీలంకల ఒప్పందం మీద సంతకాలయ్యాక మన సైన్యం వెళ్లింది శాంతి కాపాడడానికి. మొదట్లో అక్కడి తమిళులు దండలేసి ఆహ్వానించారు. అక్టోబరుకల్లా తమిళులకు వేరే దేశం కావాలని పోరాడుతున్న ఎల్‌టీటీఈతోనే పోరు. అదే నెలలో జాఫ్నా ఆసుపత్రిలో మన జవాన్ల కాల్పులకు రోగులు, డాక్టర్లు పోయారు. 1990 మార్చిలో ఆఖరి దళాలు వెనక్కి వచ్చేసరికి మనవాళ్లు దాదాపు 1,200 మంది చనిపోయారు. మద్రాసులో దిగినవాళ్లకు స్వాగతం చెప్పడానికి అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. ఇదంతా కథలో కుక్కమనడం లేదు. నీకు తెలిసుంటే చాలు, పొగడ్త దానంతటదే తగ్గుతుంది.

మీ చిన్నాయన పోయేనాటికి ఇరవై రెండేళ్లు అన్నావు. నీకిప్పుడు ఇరవై ఆరు. నీకంటే చిన్నోడు! కథలో మాత్రం ముసలి మేష్టారులా నీతులు చెప్తున్నాడు. ఆ వయసు పిల్లోడికి మనియార్డరు పంపాక చేతిలో ఎంత మిగులుతుందని, సెలవు ఇస్తారా ఇవ్వరా అని టెన్షన్ ఉంటుంది. వాటిని రానివ్వు.

ఇక మీ అవ్వ. 'నా కొడుకు దేశం కోసం పోయినాడు, నాకు గర్వం' అని కంట నీరు లేకుండా అంటుంది. ఆ మాట ఆమె అందా, నువ్వు అనిపించావా? అని ఉంటే ఉంచు, లేకుంటే కొట్టెయ్. జెండా చుట్టిన పెట్టె, వెనకాల కలెక్టరు కూడా వచ్చారు కథలోకి. పెట్టెలు ఊళ్లకు రావడం కార్గిల్ యుద్ధం నాటి నుంచి మామూలైంది. అంతకుముందు చాలామందికి దహనం అక్కడే. మీ ఇంటికి ఏం వచ్చింది? టెలిగ్రామా, ట్రంకుపెట్టా? టెలిగ్రామైతే ఆ ఇంగ్లీషు ఎవరు చదివి చెప్పారు?

ఆమె దగ్గర కూర్చుని చావు సంగతి ఎత్తొద్దు. ఏ కూరకు అలిగేవాడో, సెలవులో వస్తే ముందు ఎవరింటికి పోయేవాడో అడుగు. ఫౌజీ ఉత్తరాల మీద ఊరి పేరుండదు. నంబరు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ (సైన్యం తపాలా ఆఫీసు), అంతే. కొడుకు సముద్రం దాటాడని ఆమెకు ఎప్పుడు తెలిసింది, ఎవరు చెప్పారు? నాకైతే నీ కథ అక్కడుంది, ఎనిమిది పేజీల కాల్పుల్లో లేదు. ఆ కాల్పులు ఒక పేజీకి తగ్గించు.

ఢిల్లీలో 2019లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకం గోడల మీద శ్రీలంకలో పోయినవాళ్ల పేర్లు కూడా చెక్కారు. ఆయన పేరు, యూనిట్ సరిచూసుకో. కర్నూలు సైనిక సంక్షేమ కార్యాలయంలో కూడా అడుగు. పోయేముందు అవ్వ పెన్షన్ కాగితాల్లోంచి సర్వీసు నంబరు రాసుకుని పో, అది లేకుండా రికార్డు వెతకడం కష్టం. రెండో ప్రతి సంక్రాంతిలోపు పంపు.

ఆశీస్సులతో,
నీ సార్