అమ్మలూ, ముందు నీళ్ళ వేడి చూసుకో

పర్లాకిమిడి

చి. అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

మీ నాన్న పాత పెంటాక్స్ కె1000 బరంపురం పట్టుకెళ్ళావనీ, ఇక ఫిల్మ్ మీదే ఫొటోలు తీస్తానంటున్నావనీ, అద్దెగది బాత్‌రూమునే డార్క్ రూమ్ చేస్తున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆవిడ కంగారు ఆవిడది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఎర్రలైటు కింద ఉద్యోగమంతా గడిపినవాణ్ణి, మనింటి పిల్ల మళ్ళీ హైపో (బొమ్మని చెరిగిపోకుండా నిలబెట్టే మందు) ట్రేలో చెయ్యి పెడతానంటే ఊరుకోగలనా? ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ఏ ఫిల్మ్ మంచిదని అడిగావుట. ఏదైనా మంచిదే, రెండు రకాలు మాత్రం వద్దు. ఇల్‌ఫోర్డ్ హెచ్‌పి5 ప్లస్ కొనుక్కో, 400 స్పీడు. డెవలపర్, అంటే బొమ్మని బయటికి తెచ్చే మందు, డి-76. ప్రింటు వేసే కాగితం ఇల్‌ఫోర్డ్ మల్టీగ్రేడ్ ఆర్‌సి, ప్లాస్టిక్ పూత ఉన్న రకం. ఏడాది పాటు ఈ మూడింటినీ కదపకు. కొత్తలో అందరూ బొమ్మ బాగా రాకపోతే ఫిల్మ్ మారుస్తారు, అదీ కుదరకపోతే డెవలపర్ మారుస్తారు. అప్పుడిక తేడా ఎక్కడ కొట్టిందో బ్రహ్మదేవుడికి కూడా తెలీదు. మూడూ స్థిరంగా ఉంటే మిగిలేది నీ చెయ్యి, నీ కన్ను, మన ఊళ్ళ ఎండ. ఊటీలో 1960లో పెట్టిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్ళ 'ఇందు' సరుకు అప్పట్లో మన చిన్న ఊళ్ళ స్టూడియోలకు కూడా వచ్చేది. అది మూతపడింది. ఇప్పుడు రీలంటే బయటిదేశం సరుకు, ఖరీదు గట్టిగానే ఉంది. కాబట్టి 36 బొమ్మల్నీ ఆలోచించి వాడు.

ఆ కెమెరా గట్టిది. బ్యాటరీ లేకపోయినా షట్టరు పనిచేస్తుంది. ఎల్‌ఆర్44 బ్యాటరీ బిళ్ళ వెలుతురు కొలిచే మీటరుకి మాత్రమే. ఆ మీటరుకి ఆపే మీట లేదు, అందుకని వాడనప్పుడు లెన్సుకి మూత పెట్టెయ్యి, లేకపోతే బిళ్ళ అయిపోతుంది. రీలు వేశాక లీవరు లాగుతుంటే ఎడమవైపు రివైండు మీట తిరుగుతోందో లేదో చూడు. తిరగడం లేదంటే ఫిల్మ్ పట్టుకోలేదన్నమాట.

ఇప్పుడు వెలుతురు సంగతి. మీటరుకి ముఖమేదో సముద్రమేదో తెలీదు. ఎదురుగా ఉన్నదంతా కలిపి మధ్యరకం బూడిదరంగు కింద లెక్క కట్టేస్తుంది. నువ్వెలాగూ గోపాల్‌పూర్ వెళ్తావు కదా, అక్కడిదే చెబుతాను. పొద్దున్నే పడవలు ఒడ్డుకి చేరే వేళ వెనక సముద్రం తళతళలాడుతుంటుంది, కింద ఇసుక తెల్లగా మెరుస్తుంటుంది, మధ్యలో వల భుజాన వేసుకుని ఎండకి నల్లబడ్డ ఒంటితో నోలియా (అక్కడి జాలరి) తాత నిలబడి ఉంటాడు. నువ్వు మీటరు సూదిని మధ్యకి తెచ్చి నొక్కేశావనుకో, సముద్రం అద్దంలా వస్తుంది, తాత ముఖం ఉండదు. నెగెటివ్‌లో అక్కడ ఒట్టి సెల్యులాయిడే. లేని వివరాన్ని, నెగెటివ్‌ని పెద్దది చేసి కాగితం మీద వేసే ఏ ఎన్‌లార్జరూ పుట్టించలేదు.

అప్పుడేం చెయ్యాలంటే, ఆయన ముఖం మీద పడే వెలుతురులోనే నీ అరచెయ్యి పట్టు. లెన్సు నిండా అరచెయ్యే కనపడాలి. దానికి సూది మధ్యకి తెచ్చుకుని, అక్కణ్ణించి ఒక స్టాప్ తెరిచెయ్యి, అంటే లెన్సులోకి రెట్టింపు వెలుతురు రానియ్యి. ఎఫ్/11 వస్తే ఎఫ్/8 అన్నమాట. అరచెయ్యి ఛాయ మనుషులందరికీ ఇంచుమించు ఒకటే, కనుక ఎవరి ముందు నిలబడ్డా ఈ లెక్క తప్పదు. మీటరే లేకపోతే, నిండు ఎండలో ఎఫ్/16 దగ్గర షట్టరు 500 (సెకనులో ఐదొందలో వంతు), వీధి అరుగు మీద నీడలో అదే షట్టరుకి ఎఫ్/4, 5.6 మధ్య. ఈ ఫిల్మ్ ఒక స్టాప్ వెలుతురు ఎక్కువైనా ఓర్చుకుంటుంది, తక్కువైతే క్షమించదు. అనుమానం వస్తే ఎప్పుడూ ఎక్కువవైపే మొగ్గు.

ఇంకోమాట. నోలియాలు మాట్లాడేది మన తెలుగే. ముందు పలకరించి, వలలో ఏం పడిందో అడిగి, తీసుకోమన్నాకే తియ్యి. ప్రింటు ఇస్తానంటే ఇచ్చి తీరాలి. 'ఏటమ్మా, మా ఫొటో ఏదీ?' అని ఆ ఒడ్డున ఎవరూ నిన్ను రెండోసారి అడిగే పరిస్థితి రాకూడదు.

ఇక ఫిల్మ్ కడగడం, అంటే మందుల్లో వేసి బొమ్మ తేల్చడం. అసలు ఉత్తరం రాసింది దీనికోసమే. డబ్బాల మీదా, కాగితాల మీదా ఎక్కడ చూసినా 20 డిగ్రీలు అని ఉంటుంది. అది చలిదేశాల కొళాయి నీళ్ళ లెక్క. బరంపురంలో వైశాఖమాసం మధ్యాహ్నం మేడమీద ట్యాంకు నీళ్ళు చెయ్యి పెడితే చురుక్కుమంటాయి. ఆ నీళ్ళతో డెవలపర్ కలిపితే రెండు మూడు నిమిషాల్లోనే బొమ్మ నల్లగా ముదిరిపోతుంది. అంతకంటే ప్రమాదం, ఫిల్మ్ మీది మందుపూత జిలాటిన్. వేడికి ఉబ్బి మెత్తబడుతుంది, గోరు తగిలితే ఊడొస్తుంది. వేడి డెవలపర్‌లోంచి ఒక్కసారిగా చల్లటి నీళ్ళలోకి వెళ్తే ముడుచుకుని సన్నటి పగుళ్ళు పడతాయి.

అందుకని థర్మామీటరు లేకుండా పని మొదలుపెట్టకు. ఎన్‌లార్జర్ కంటే ముందు అది ఉండాలి. రాత్రి పదిన్నర దాటాక పెట్టుకో. పెద్ద టబ్బులో నీళ్ళు పోసి, ఐసుముక్కల్ని పాలిథిన్ కవర్లో మూటకట్టి అందులో వేసి, డెవలపర్ సీసా, దాని పని ఆపే స్టాప్ బాత్ సీసా, హైపో సీసా, కడిగే నీళ్ళ చెంబు అన్నీ ఆ టబ్బులోనే నిలబెట్టు. ఐసు నేరుగా మందులో వెయ్యకు, పలచబడిపోతుంది. 20కి దించాలని కుస్తీ పట్టకు. 24 దగ్గర ఆగినా చాలు, కానీ మొదటి మందు నుంచి చివరి నీళ్ళ దాకా అన్నీ ఆ 24 చుట్టూనే ఉండాలి. డి-76ని సమానంగా నీళ్ళు కలిపి వాడితే హెచ్‌పి5కి 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు, 24 దగ్గర సుమారు 8. నీళ్ళు కలపకుండా చిక్కగా వాడితే 20 దగ్గరే ఏడున్నర నిమిషాలు. వేడికి అది ఐదు చిల్లరకి పడిపోతుంది, అంత తక్కువ టైములో మందు సమంగా పాకదు, ఆకాశం మీద చారలొస్తాయి. మనలాంటి చోట్ల పలచగా వాడమనేది అందుకే. మొదటి పది సెకన్లు ఫిల్మ్ ఉన్న డెవలపింగ్ ట్యాంకుని నాలుగుసార్లు తలకిందులు చెయ్యి, ఆపైన ప్రతి నిమిషం మొదట్లో మళ్ళీ నాలుగుసార్లు. బుడగలు పోవడానికి నేలమీద ఒకసారి తట్టు.

ప్యాకెట్ దొరక్కపోతే కంగారుపడకు, డి-76ని 1927 నుంచీ జనం తూచి కలుపుకుంటున్నారు. 50 డిగ్రీల వేడి నీళ్ళు ముప్పావు లీటరు. అందులో మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2, ఆపైన నీళ్ళతో లీటరుకి నింపు. మెటాల్ కంటే ముందు ఒక చిటికెడు సల్ఫైట్ వెయ్యి, మొత్తం సల్ఫైట్ ముందే పోస్తే మెటాల్ కరగదు. గోధుమరంగు సీసాలో మూతిదాకా పోసి దాచు. మెటాల్ కొందరికి పడదు, చేతులు దద్దుర్లెక్కుతాయి, గ్లోవ్స్ వేసుకో. స్టాప్ బాత్‌కి ఘాటు ఎసిటిక్ యాసిడ్ కొంటే యాసిడ్‌నే నీళ్ళలో పొయ్యాలి, నీళ్ళని యాసిడ్‌లో కాదు. మీ అమ్మ గిన్నెలేవీ ఈ పనికి వాడకు.

ట్యాంకులో ఫిల్మ్‌ని చుట్టి పెట్టే స్పైరల్ మీదికి ఫిల్మ్ ఎక్కించడం మొదట్లో ఏడిపిస్తుంది. పాడైన రీలొకటి తీసుకుని ముందు వెలుగులో, తర్వాత కళ్ళు మూసుకుని చేతికి అలవాటు చెయ్యి. స్పైరల్‌లో తడి చుక్కున్నా ఫిల్మ్ అంటుకుపోతుంది. వెలుతురు చొరబడని సంచి, అదే ఛేంజింగ్ బ్యాగులో మన ఉక్కపోతకి చేతులు చెమటలు కక్కుతాయి, అంతకంటే రాత్రిపూట కిటికీకి నల్లగుడ్డ కట్టిన గదే నయం. లైటార్పి ఐదు నిమిషాలు కూర్చో. కళ్ళు అలవాటుపడ్డాక తలుపుసందులో ఎక్కడ వెలుతురు కారుతోందో అదే కనపడుతుంది.

హైపో టైముకి ఎవరినీ అడగక్కర్లేదు. రీలు మొదట్లో కత్తిరించిన నాలుక ముక్కని హైపోలో వేసి, పాలరంగు పోయి తేటపడేదాకా లెక్కపెట్టు. దానికి రెట్టింపు టైము ఫిల్మ్‌కి. కొత్తలో పట్టిన టైముకి రెట్టింపు పడుతోందంటే ఆ హైపో పారబొయ్యాల్సిందే. కడగడానికి కొళాయి తిప్పి వదిలెయ్యకు, ఎండాకాలం వీధిలో బిందెలు వరసకట్టి ఉంటాయి. ట్యాంకులో నీళ్ళు పోసి ఐదుసార్లు తిప్పి పారబొయ్యి, మళ్ళీ పోసి పదిసార్లు, మళ్ళీ పోసి ఇరవైసార్లు. ఇల్‌ఫోర్డ్ వాళ్ళు చెప్పిన పద్ధతే ఇది. చివర్న బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి ఆరేస్తే మన బోరునీళ్ళ మరకలు పడవు.

ఆరాక నెగెటివ్ చదవడం నేర్చుకో. ఫొటోగ్రాఫర్ అయ్యేది అక్కడే అని నా నమ్మకం. ముందు బొమ్మని కాదు, అంచున ఉండే ఫిల్మ్ పేరు, నెంబర్లు చూడు. అవి ఫ్యాక్టరీలోనే వెలుతురు పోసుకుని వచ్చినవి, నీ కెమెరాతో వాటికి సంబంధం లేదు. అంచు నెంబర్లు నల్లగా ఉండి బొమ్మ పలచగా ఉంటే, తీసేటప్పుడు వెలుతురు చాల్లేదు. నెంబర్లు కూడా పలచగా ఉంటే కడగడం చాల్లేదు, మందు పాతదో, చల్లనిదో. నెంబర్లు బాగుండి బొమ్మే లేకపోతే ఫిల్మ్ తిరగలేదు. మొత్తం ఖాళీ అయితే డెవలపర్ కంటే ముందు హైపో పోసుంటావు, లేదా డెవలపర్ పూర్తిగా చచ్చిపోయి ఉంటుంది. బాగా నల్లగా ఉన్నచోటు వెనక పేపరు పెడితే అక్షరాలు ఎలాగోలా చదవగలగాలి. ఇవన్నీ ప్రతి రీలుకీ నోటు పుస్తకంలో రాసుకో, నీళ్ళ వేడితో సహా.

ఫోనుతో స్కాన్ చేసి పెట్టేస్తే సరిపోదా అన్నావని మీ అమ్మ చెప్పింది. సరిపోదమ్మా. నెగెటివ్ సగం పనే. ఎన్‌లార్జర్ ఇప్పుడే కొనకు. కిటికీ అద్దమొకటి, బల్బొకటి ఉంటే నెగెటివ్‌లని కాగితానికి ఆనించి అదే సైజులో కాంటాక్ట్ షీట్లు వేసుకోవచ్చు. రెండు మూడు నెలలు అదే చెయ్యి. ఎర్ర జీరోబల్బు పెట్టుకుంటావు కదా, దాన్ని గుడ్డిగా నమ్మకు. కాగితమ్ముక్క మీద రూపాయి బిళ్ళ పెట్టి ఆ బల్బు కింద ఐదు నిమిషాలుంచి డెవలప్ చెయ్యి. బిళ్ళ ఆకారం కనపడిందా, ఆ బల్బు పనికిరాదు.

ఎన్‌లార్జర్ వచ్చాక సాయంత్రం ప్రింట్లు వెయ్యకు. ఊరంతా లైట్లు వేసే వేళ ఓల్టేజి పడిపోతుంది, పది సెకన్లకి వచ్చిన నలుపు మళ్ళీ పది సెకన్లకి రాదు. స్టెబిలైజరు పెట్టుకో, లేదా అర్ధరాత్రి దాకా ఆగు. మొదట కాగితం ముక్క మీద అట్టముక్క జరుపుతూ ఐదు, పది, పదిహేను, ఇరవై సెకన్ల పట్టీలు వేసి, హైపో అయ్యాక మామూలు లైట్లో చూడు. తెల్లని భాగాల్లో వివరం ఏ పట్టీలో కనపడుతోందో అదే టైము. నలుపు చాలకపోతే టైము పెంచకు, నలుపు తెలుపుల తేడా పెంచే మల్టీగ్రేడ్ ఫిల్టర్ నెంబరు పెంచు. కాగితం నల్లబడుతోందని డెవలపర్‌లోంచి గబుక్కున లాగెయ్యకు. ఆర్‌సి కాగితానికి నిమిషం పూర్తిగా ఇవ్వాలి, లేకపోతే బురదరంగు నలుపొస్తుంది.

ఆ నోలియా తాత నెగెటివ్‌నే ఉదాహరణకి తీసుకుందాం. మొత్తం 14 సెకన్లు అనుకో. తీగ చివర రూపాయంత అట్టముక్క కట్టి, అందులో 3 సెకన్లు, ముఖం మరీ నల్లబడకుండా, దానిమీద నీడ ఆడించు. అది ఆగకుండా కదులుతూ ఉండాలి, ఆగితే అంచు గీతలా పడుతుంది. తర్వాత రెండు చేతులూ అడ్డంపెట్టి ఒడ్డునీ మనిషినీ కప్పి, ఆకాశానికి ఇంకో 10 సెకన్లు. ట్రేలో ఆ కాగితం మీద ముందు వల తేలుతుంది, తర్వాత భుజం, చివర్న కళ్ళ కింద ముడతలు. ఎంతకాలం చేసినా ఆ నిమిషం నాకు పాతబడలేదు.

దాచుకోవాల్సిన బొమ్మని మాత్రం ప్లాస్టిక్ పూత లేని ఫైబర్ కాగితం మీద వేసి గంటసేపు నీళ్ళు మారుస్తూ కడుగు. మన ఇళ్ళల్లో పెళ్ళిఫొటోలు పసుపు మరకలెక్కి పోయాయంటే చాలావాటికి కారణం లోపల మిగిలిపోయిన హైపోయే. నౌపడా నుంచి గుణుపురం వెళ్ళే చిన్నగేజి రైలు ఇప్పుడు లేదు, బాగా కడిగిన దాని ప్రింట్లు మా బీరువాలో ఇంకా తెల్లగానే ఉన్నాయి. ప్రతి ప్రింటు వెనకా పెన్సిలుతో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని రాయి.

వాడేసిన హైపో కాలవలో పారబొయ్యకు, అందులో వెండి ఉంటుంది, చేపలకి చేటు. ప్లాస్టిక్ డబ్బాలో పోసి స్టీలుపీచు వేసి ఉంచితే వెండి అడుగున బురదలా దిగుతుంది. డబ్బా నిండాక నా దగ్గరికి పట్టుకురా, తర్వాత సంగతి నేను చూస్తాను.

నా పాత థర్మామీటరూ, నెగెటివ్ కవర్లూ గుణుపురం అత్తయ్య చేత పంపిస్తున్నాను. మొదటి రీలు కడిగాక కాంటాక్ట్ షీటు పంపు, నీళ్ళ వేడి ఎంతో, ఎన్ని నిమిషాలు ఉంచావో వెనక రాసి మరీ.

ఆశీస్సులతో,
పెదనాన్న